బాడుగ విమానాల బిజూ పట్నాయక్

మన తెనాలిలో కలకత్తా వైపు పోయే రైలెక్కి కూర్చుంటే బెజవాడ, రాజమండ్రి, విశాఖపట్నం దాటి, ఒడిసాలో అడుగుపెట్టాక మొదట తగిలే పెద్ద ఊరు బరంపురం. అది గంజాం జిల్లా. ప్లాట్‌ఫారం మీద ఒరియాతోబాటు మన తెలుగు కూడా ధారాళంగా వినిపిస్తుంది. వినిపించక ఏం చేస్తుంది? 1936 ఏప్రిల్ 1వ తేదీ దాకా ఆ జిల్లా, మన గుంటూరు జిల్లా ఒకే మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవి. ఆ గంజాంలో భంజనగర్ ప్రాంతం నుంచి ఉద్యోగరీత్యా కటకం వెళ్లి స్థిరపడిన కుటుంబంలో 1916 మార్చి 5న పుట్టినవాడు బిజయానంద పట్నాయక్. తండ్రి లక్ష్మీనారాయణ పట్నాయక్, తల్లి ఆశాలత. లోకమంతా ఆయన్ని బిజూ పట్నాయక్ అంది. ఒరియావాళ్లు ఆప్యాయంగా బిజూబాబు అన్నారు.

ఆయన రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యాడు, కేంద్రంలో మంత్రి అయ్యాడు. ఆయన కొడుకు నవీన్ పట్నాయక్ 2000 నుంచి 2024 వరకు ముఖ్యమంత్రిగా ఉన్న సంగతి పేపరు చదివే పిల్లలకు కూడా తెలుసు. ఆ రాజకీయాల చరిత్ర రాసేవాళ్లు వేరే ఉన్నారు. మన సంచిక పాఠకులకు నేను చెప్పదలచింది ఆయన పెట్టిన విమానాల కంపెనీ సంగతి. దాని పేరు కళింగ ఎయిర్‌లైన్స్. పుట్టింది 1947లో. ఈనాడు ఆ పేరుతో ఏ విమానమూ ఎగరడం లేదు. కాని ఆ కంపెనీ బాడుగ విమానాలు పోయి వచ్చిన చోట్లకు పోవడానికి ఆ జమానాలో మరొకరికి హిమ్మత్ చాలలేదు.

బిజూబాబు చదువు కటకంలోనే. మిషన్ స్కూలు, తరువాత పేరుగాంచిన రావెన్షా కాలేజీ. ఆటల్లో ముందు, చదువులో నిలకడ తక్కువ. కాలేజీలో ఉండగానే స్నేహితులను వెంటేసుకుని కటకం నుంచి పెషావరు దాకా సైకిలు మీద వెళ్లాడు. మ్యాపు తీసి చూడండి, తూర్పు సముద్రం పక్క నుంచి ఖైబర్ కనుమ ముంగిటికి! నా క్లాసులో పిల్లలకు ఈ మాట చెబితే ఒకడు వెంటనే లేచి పంక్చర్లు ఎన్ని పడ్డాయి సార్ అని అడిగాడు. పిల్లవాడి ప్రశ్నే సరైన ప్రశ్న. రోడ్డు అనేది పేరుకు మాత్రమే ఉన్న రోజుల్లో, చేతిలో పెద్దగా డబ్బు లేకుండా, భాష తెలియని ఊళ్ల మీదుగా చేసిన ప్రయాణం అది. తరువాత జీవితమంతా ఆయన చేసింది ఇలాంటి పనే, సైకిలు బదులు విమానం వచ్చింది, అంతే.

డిగ్రీ పూర్తి చెయ్యకుండానే కాలేజీ వదిలి ఢిల్లీ వెళ్లి విమానం నడపడం నేర్చుకున్నాడు. ఇండియన్ నేషనల్ ఎయిర్‌వేస్ అనే కంపెనీలో పైలట్‌గా చేరాడు. పెళ్లాడింది పంజాబీ అమ్మాయి జ్ఞాన్‌ను. ఆమె కూడా పైలటే. ఇద్దరికీ రెక్కలున్న సంసారం. మన ఇళ్లలో ఆడపిల్లను పక్క ఊరి కాలేజీకి పంపాలా వద్దా అని ఇప్పటికీ నెలల తరబడి చర్చలు సాగుతుంటాయి. ఆమె 1940ల నాటికే కాక్‌పిట్‌లో కూర్చున్నదని ఇంట్లో ఆడపిల్లలు వినేటట్టుగా చదవమని మనవి.

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942లో జపాను సైన్యాలు బర్మాలోకి చొచ్చుకు వచ్చినప్పుడు రంగూను నుంచి జనాన్ని తరలించే పనిలో బిజూబాబు విమానాలు నడిపాడు. మన కోస్తా జిల్లాల వాళ్లు కూలికీ వ్యాపారానికీ రంగూను వెళ్లిన రోజులవి. అడవుల వెంట కాలినడకన తిరిగి వస్తూ దారిలోనే ప్రాణాలు వదిలినవారి కథలు మన పెద్దలు చెప్పేవారు. విమానంలో చోటు మాత్రం చాలావరకు తెల్లవాళ్లకే దక్కింది. ఇక్కడ చిత్రం ఏమంటే, పగలు తెల్లదొరల కొలువులో విమానం నడిపే ఈ మనిషే, క్విట్ ఇండియా ఉద్యమం వచ్చేసరికి దొరలు వెతుకుతున్న జయప్రకాశ్ నారాయణ్, లోహియా వంటి అజ్ఞాత నాయకులను ఎవరి కంటా పడకుండా చోటు మార్చే పనికి పూనుకున్నాడు. ఎన్నాళ్లు దాగుతుంది? 1943లో పట్టుకుని జైల్లో వేశారు. బయటికి వచ్చేసరికి యుద్ధం ముగింపుకు వచ్చింది.

ఇక కంపెనీ ఎలా పుట్టిందో చెప్పాలి. ఇది కాస్త వివరంగా చెప్పుకోదగ్గ విషయం.

యుద్ధం ముగిసేనాటికి అమెరికా సైన్యం మన దేశంలో డకోటా విమానాలను లెక్కలేనన్ని వదిలింది. తిరిగి తీసుకుపోవడానికి అయ్యే ఖర్చు దండగ అనుకుని ఇక్కడే చవగ్గా అమ్మేసింది. డకోటా అంటే రెండు ఇంజన్ల విమానం. పాతికమందికి అటూ ఇటూగా కూర్చుంటారు, లేదా సీట్లు పీకేస్తే మూడు టన్నులకు కాస్త తక్కువగా సరుకు పడుతుంది. పెద్ద వేగం లేదు. కాని దానికి సిమెంటు రన్‌వే అక్కర్లేదు, గడ్డి మైదానం చాలు. రిపేరు కూడా తేలిక. మన వైపు పాత లారీలు కొని, ఇంజను బాగుచేయించి, ట్రాన్స్‌పోర్టు బోర్డు కట్టినవాళ్లు ఎందరు లేరు? ఆ రోజుల్లో ఆకాశంలో సరిగ్గా అదే జరిగింది. లైసెన్సు దొరికిన ప్రతివాడూ విమాన కంపెనీ పెట్టాడు. అంబికా అని, జూపిటర్ అని, మిస్త్రీ అని, దాల్మియా జైన్ అని ఎన్నో పేర్లు. విమానాలు ఎక్కువ, టిక్కెట్టు కొనేవాళ్లు తక్కువ అయిపోయి చాలా కంపెనీలు రెండు మూడేళ్లలోనే చేతులెత్తేశాయి. ఈ గొడవంతా విచారించడానికి 1950లో రాజాధ్యక్ష గారి అధ్యక్షతన ప్రభుత్వం కమిటీ వెయ్యవలసి వచ్చింది.

అప్పుడు మన తెలుగు గడ్డ మీద కూడా ఒక కంపెనీ ఉండేది. హైదరాబాదు బేగంపేటలో 1945లో నిజాం సర్కారు, టాటాలు కలిసి పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్. దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందిన మొదటి మహిళ ప్రేమ్ మాథుర్‌ను మిగతా కంపెనీలు ఆడమనిషని కాదని పొమ్మంటే, రమ్మని ఉద్యోగం ఇచ్చింది మన హైదరాబాదు కంపెనీయే. ఇది మనం గొప్పగా చెప్పుకోవలసిన సంగతి, ఎందుకో ఎవరూ చెప్పుకోరు. అయితే డెక్కన్ ఎయిర్‌వేస్ వెనుక సర్కారు ఉంది, టాటాలు ఉన్నారు. కటకం కుర్రవాడి వెనుక ఎవరున్నారు? ఆయన కలకత్తా కేంద్రంగా డకోటాలు సమకూర్చుకుని కళింగ ఎయిర్‌లైన్స్ నిలబెట్టాడు. మంచి రోజుల్లో ఆ కంపెనీకి డజను పైగా డకోటాలు ఉండేవి. అశోకుని నాటి కళింగ పేరు పెట్టడంలో ఒరియా అభిమానం ఉన్నది. వ్యాపారం మాత్రం టైం టేబుల్ పెట్టి ఊరూరికీ తిప్పే సర్వీసు మీద కన్నా బాడుగల మీద ఎక్కువ ఆధారపడింది. సరుకు, మనుషులు, ఏదైనా సరే. ఎక్కడికి కావాలో చెబితే అక్కడికి.

అలా వచ్చిన బాడుగల్లోకెల్లా పెద్దది జావా.

ఇండోనేషియా సంగతి కొంచెం చెప్పాలి. ఈనాడు ప్రపంచంలో ముస్లింలు అందరికంటే ఎక్కువమంది ఉన్న దేశం అది. మూడు వందల ఏళ్లకు పైగా డచ్చివాళ్ల చేతుల్లో నలిగింది. యుద్ధంలో జపాను ఓడిపోగానే 1945 ఆగస్టు 17న సుకర్ణో, మహమ్మద్ హట్టా స్వాతంత్ర్యం ప్రకటించారు. డచ్చివాళ్లు ఒప్పుకోలేదు. సైన్యంతో తిరిగి వచ్చి సముద్రం మీద కాపలా పెట్టి, బయటి నుంచి మందులు కూడా చేరకుండా దిగ్బంధం చేశారు. ఆ దిగ్బంధంలో ఉండి కూడా 1946లో వారి ప్రధాని సుతాన్ శహ్రీర్, ఇండియాలో జనం ఆకలితో ఉన్నారని తెలిసి 5 లక్షల టన్నుల బియ్యం ఇస్తామన్నారు. బదులుగా బట్టలు, వ్యవసాయ పనిముట్లు ఇమ్మని అడిగారు. బెంగాలు కరువు జరిగి మూడేళ్లయినా కాని రోజులవి. బియ్యం విలువ మన డెల్టా వాళ్లకు వేరే చెప్పాలా? నెహ్రూగారికి ఇండోనేషియా మీద ఉన్న అభిమానానికి ఇదొక కారణం.

1947 జూలై 21 నాటికి డచ్చి సైన్యం పూర్తి దాడికి దిగింది. పేరుకు పోలీసు చర్య అన్నారు, చేసింది యుద్ధం. ఇండోనేషియా తరఫున ఐక్యరాజ్య సమితిలో మాట్లాడగల మనిషి శహ్రీర్. ఆయన అప్పటికి ప్రధాని పదవిలో లేడు, కాని చదువుకున్నవాడు, లోకం తెలిసినవాడు. ఆయన జావాలో చిక్కుకుపోయాడు. నేల మీదా నీటి మీదా డచ్చివాళ్లు, ఆకాశంలో డచ్చి ఫైటర్ విమానాలు. మన దేశం కూడా ఇంకా స్వతంత్రం కాలేదు, ఆగస్టు 15 ఇంకా మూడు వారాలకు పైగా దూరంలో ఉంది. నెహ్రూ తాత్కాలిక ప్రభుత్వంలో ఉన్నా మిలిటరీ విమానాన్ని పరాయి యుద్ధంలోకి పంపే అధికారం ఎక్కడిది? కాబట్టి ఆయన బిజూను అడిగాడు.

బిజూబాబు సొంత డకోటా తీసుకుని బయలుదేరాడు. భార్య జ్ఞాన్ కూడా ఆ ప్రయాణంలో తోడు ఉంది. డచ్చివాళ్లు తమ ఆకాశంలోకి వస్తే కూల్చేస్తామని బెదిరించారు. ఆ బెదిరింపు ఉత్తిది కాదని వారం తిరగకుండానే రుజువైంది, ఆ సంగతి ముందు చెబుతాను. జూలై 22న శహ్రీర్‌ను ఎక్కించుకుని జావా దాటాడు. సింగపూరు మీదుగా 24న ఢిల్లీ చేరారు. ఆయుధం ఒక్కటి లేని విమానం, కిటికీలు తప్ప కాపుదల లేని విమానం అది. ఒక్క ఫైటర్ ఎదురైతే తప్పించుకునే దారి లేదు.

అక్కడి నుంచి శహ్రీర్ అమెరికా వెళ్లి, ఆగస్టు 14న భద్రతా మండలి ముందు తన దేశం గోడు వినిపించాడు. పక్కన హాజీ అగస్ సలీం గారు ఉన్నారు. ఆయన ఎన్నో భాషలు నేర్చిన పండితుడు. ఒక వలస దేశం మనిషి ఆ సభలో నిలబడి తన యజమానులని చెప్పుకునేవాళ్ల మీద ఫిర్యాదు చేయడం అప్పటికి అరుదైన విషయం. ఆ కుర్చీ దాకా ఆయన్ని చేర్చిన గొలుసులో మొదటి లింకు ఈ డకోటా.

ఉపాధ్యక్షుడు హట్టా ప్రయాణం ఇంకా విచిత్రమైనది. ఆయన సుమత్రాలో ఉన్నాడు. ఆయుధాల సాయం అడగడానికి రహస్యంగా నెహ్రూను కలవాలి. బిజూబాబు ఆయన్ని విమానంలో కో పైలట్‌గా కూర్చోబెట్టాడు. పేరు అబ్దుల్లా. హట్టా గారు తన జ్ఞాపకాల్లో ఈ సంగతి స్వయంగా రాసుకున్నారు. కళ్లద్దాలు పెట్టుకుని, పుస్తకాల్లో మునిగి ఉండే ఆ అర్థశాస్త్రజ్ఞుడు కో పైలట్ సీట్లో ఎలా కనిపించి ఉంటాడో అని తలచుకుంటే నవ్వు వస్తుంది. పట్టుబడితే మాత్రం నవ్వుకునే వ్యవహారం కాదు.

ఇక ముందు చెబుతానన్న మాట. సింగపూరులో ఇండోనేషియా రెడ్‌క్రాసు కోసం మందులు సిద్ధమయ్యాయి. మలయా రెడ్‌క్రాసు ఇచ్చిన మందులు. వాటిని జావాకు చేర్చడానికి ఇండోనేషియావాళ్లు బాడుగకు మాట్లాడుకున్నది బిజూబాబు డకోటానే. దాని నంబరు విటి సిఎల్ఎ. నడిపేవాడు అలెగ్జాండర్ నోయెల్ కాన్స్టంటైన్, యుద్ధంలో పేరు తెచ్చుకున్న ఆస్ట్రేలియా పైలట్. ఆయన భార్య కూడా విమానంలో ఉంది. కో పైలట్ రాయ్ హేజల్‌హర్స్ట్ ఇంగ్లీషువాడు. ఇంజనీరు మన భారతీయుడు, భీదా రామ్. వీరితోబాటు ఇండోనేషియా వైమానిక దళాన్ని మొదటి రోజు నుంచి కట్టుకొచ్చిన అడిసుచిప్తో, అబ్దుల్ రహమాన్ సాలెహ్, అడి సుమార్మో అనే ముగ్గురు అధికారులు, మరి ఇద్దరు ఇండోనేషియావారు ఉన్నారు. మొత్తం తొమ్మిదిమంది.

1947 జూలై 29 ఉదయం ఇండోనేషియా కుర్ర పైలట్లు జపానువాళ్లు వదిలిన పాత విమానాలతో వెళ్లి డచ్చి స్థావరాల మీద బాంబులు వేసి వచ్చారు. డచ్చివాళ్లు మండిపడి ఉన్నారు. అదేరోజు సాయంత్రం పన్నెండు వందల కిలోమీటర్ల పైచిలుకు ఎగిరి వచ్చిన డకోటా జోగ్యకర్త దగ్గర దిగబోతుండగా రెండు డచ్చి కిట్టీహాక్ ఫైటర్లు దాని మీద పడ్డాయి. మందుల విమానం వస్తున్నదని ముందే కబురు ఇచ్చామని ఇండోనేషియావాళ్లు అన్నారు. అలాంటిదేమీ తమకు తెలియదని డచ్చివాళ్లు అన్నారు. ఊరు చేరిన ప్రయాణికులు తొమ్మిదిమందిలో ఒకే ఒక్కడు, అబ్దుల్ గని. ఎనిమిదిమంది అక్కడే పోయారు.

చనిపోయిన అబ్దుల్ రహమాన్ సాలెహ్ గారు వృత్తికి డాక్టరు, వైద్య కళాశాలలో పాఠాలు చెప్పినవాడు. విమానం నడపడం సరదాగా నేర్చుకున్నాడు. స్వతంత్ర ఇండోనేషియా రేడియో పెట్టినవాళ్లలో ముఖ్యుడు. ఈనాడు జావాలో మలాంగ్ విమానాశ్రయానికి ఆయన పేరు, జోగ్యకర్తలో ఒక విమానాశ్రయానికి అడిసుచిప్తో పేరు, సోలో విమానాశ్రయానికి అడి సుమార్మో పేరు. ఒకే బాడుగ విమానంలో వచ్చిన ముగ్గురి పేర్లు మూడు విమానాశ్రయాలకు! జూలై 29ని వారి వైమానిక దళం ఏటా స్మరించుకుంటుంది. మన భీదా రామ్ పేరు మాత్రం ఇక్కడ ఏ పాఠ్యపుస్తకంలోనూ నేను చూడలేదు. జావా సాహసం అనగానే అందరం బిజూబాబు పేరు చెబుతాం, చెప్పవలసిందే. కాని కంపెనీ అంటే యజమాని ఒక్కడే కాదు. స్పానరు పట్టుకుని విమానంలో ఎక్కినవాడు కూడా కంపెనీయే.

దాడి సంగతి ఇండియా, ఆస్ట్రేలియా సమితిలో లేవనెత్తగా, ఆగస్టు 1న భద్రతా మండలి యుద్ధం ఆపమన్నది. అయినా డచ్చివాళ్లు 1948 డిసెంబరులో మరోసారి దాడి చేశారు. చివరికి 1949 డిసెంబరు 27న అధికారం అప్పగించారు. మరుసటి నెల మన మొదటి గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా వచ్చింది సుకర్ణోయే.

మాటలో మాట, అదే కాలంలో జరిగిన మరొక బాడుగ విమానం కథ చెప్పకుండా ఉండలేను. సుమత్రా ఉత్తరాన అచే ప్రాంతపు ముస్లింలు తమ దేశానికి విమానం కొనిపెట్టాలని 1948లో చందాలు వేసుకున్నారు. బంగారం ఇచ్చారు. దాంతో కొన్న డకోటాకు తమ కొండ పేరు సెలావా అని పెట్టారు. డిసెంబరులో మరమ్మత్తుకు కలకత్తా వచ్చింది. అది ఇక్కడ ఉండగానే డచ్చివాళ్లు జోగ్యకర్తను పట్టుకున్నారు. తిరిగి వెళ్లడానికి దేశమే చేజారింది. అప్పుడు వాళ్లు ఏం చేశారు? 1949 జనవరి 26న విమానాన్ని బర్మాలో బాడుగకు తిప్పడం మొదలుపెట్టి, ఆ డబ్బుతో తమ ప్రభుత్వం పని నడిపారు. మన సొసైటీలో నెలనెలా చందా వసూలు చేసే కార్యకర్తలకు ఈ కథ నచ్చుతుందని నా నమ్మకం.

తిరిగి కళింగ దగ్గరికి వద్దాం. 1953లో పార్లమెంటు చట్టం చేసింది. దేశంలో టైం టేబుల్ ప్రకారం నడిచే ఎనిమిది ప్రైవేటు విమాన కంపెనీలను ప్రభుత్వం తీసేసుకుంది. ఆగస్టు 1 నుంచి దేశం లోపలి సర్వీసులు ఇండియన్ ఎయిర్‌లైన్స్ కింద నడిచాయి. కొత్త సంస్థకు దక్కిన 99 విమానాల్లో 74 డకోటాలే. హైదరాబాదు డెక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది. కళింగ సర్వీసులూ కలిసిపోయాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ కథ అంతటితో సరి. బిజూబాబు మాత్రం చట్టం ఒదిలిన సందు చూశాడు. టైం టేబుల్ లేని బాడుగ విమానాలకు అనుమతి తీసుకుంటే నడుపుకోవచ్చు. కళింగ పేరు మళ్లీ ఎగిరింది.

ఈసారి పని ఈశాన్య కొండల్లో. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌ను అప్పుడు నేఫా అనేవారు. సరిహద్దు కాపలా చౌకీలు కొండ కొనల మీద ఉండేవి, రోడ్లు లేవు. రోజుల తరబడి నడిస్తేగాని చేరలేని చోట బియ్యం, ఉప్పు, కిరసనాయిలు ఎలా అందాలి? విమానం నుంచి జారవిడవడమే. 1977 నవంబరు 19 ఉప్పెన తరువాత ఆకాశం నుంచి పడిన ఆహార పొట్లాల కోసం మన రేపల్లె, నిజాంపట్నం వాళ్లు ఎలా ఎదురుచూశారో ఆ పెద్దలను అడగండి. నేఫాలో చౌకీలవాళ్లకు ఏడాది పొడవునా అదే బతుకు. ప్రతిదానికీ పారాచూట్ కట్టాలంటే ఖర్చు తట్టుకోలేరు. అందుకని బియ్యం గోతాన్ని ఇంకా పెద్ద గోతంలో వదులుగా పెట్టి కుట్టేవాళ్లు. నేలకు కొట్టుకుని లోపలి గోతం పగిలినా బయటి గోతం గింజల్ని ఆపేస్తుంది. తెనాలి బియ్యం మిల్లుల్లో పనిచేసినవాళ్లు ఈ ఉపాయం వినగానే సరేనంటారు.

విమానం తలుపు పీకేసి, గోతాలను తలుపు దగ్గర పేర్చి, పైలట్ గంట కొట్టగానే మనుషులు కాళ్లతో తన్ని బయటికి నెట్టాలి. లోయ ఇరుకు. ముందు కొండ. నెట్టిన వెంటనే విమానం మలుపు తిరగాలి. ఒక్కసారికి సరుకంతా పడదు గనుక మళ్లీ మళ్లీ అదే లోయలోకి రావాలి. మబ్బు కమ్మితే కొండ కనబడదు. వైమానిక దళంతోబాటు కళింగ పైలట్లు ఈ పని చేశారు, ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. టిక్కెట్లు, ఏర్‌హోస్టెస్‌లు, మిఠాయి పంచడాలు, ఇవేవీ ఈ కంపెనీలో లేవు.

అన్నీ పొగడ్తలే రాస్తే చదువుకున్నవాళ్లు నమ్మరు. ఈ నేఫా పని ప్రభుత్వ కంట్రాక్టు. యజమాని చూస్తే కాంగ్రెసు నాయకుడు, నెహ్రూగారికి దగ్గరివాడు, 1961 నుంచి స్వయంగా ముఖ్యమంత్రి. ఆయన కంపెనీలకు ప్రభుత్వ సొమ్ము అందిన తీరు మీద 1960లలో గట్టి ఆరోపణలు వచ్చాయి. కళింగ ట్యూబ్స్ అనే ఆయన గొట్టాల ఫ్యాక్టరీ సంగతి మరీ ముదిరింది. 1967లో కాంగ్రెసు ఓడిపోయాక వచ్చిన ఒరిస్సా ప్రభుత్వం జస్టిస్ ఖన్నా గారితో విచారణ కమిషన్ వేసింది. ఆయన అభిమానులు ఈ భాగం దాటవేస్తారు, విరోధులు ఇదొక్కటే చెబుతారు. నా మటుకు నాకు తోచేది, బాడుగ తీసుకోవడంలో తప్పు లేదు. పెట్రోలుకూ, పైలట్ల జీతాలకూ డబ్బు కావాలి. అధికారంలో ఉన్నవాడు తన ప్రభుత్వంతో తానే వ్యాపారం చేస్తే అడిగే హక్కు జనానికి ఉంది, అడిగినందుకు ఆయన కోపగించుకోకూడదు. జావా వెళ్లిన ధైర్యం, ఈ లెక్కల గొడవ, రెండూ ఒకే మనిషివి.

ఏమైనా కాలం మారింది. కొండల్లోకి రోడ్లు వచ్చాయి, వైమానిక దళం చేతికి పెద్ద విమానాలు వచ్చాయి, డకోటాలు ముసలివయ్యాయి. కళింగ ఎయిర్‌లైన్స్ పేరు మెల్లగా మరుగున పడిపోయింది. 1953లో చట్టం ముంచినప్పుడు తేలింది గాని, రెండోసారి తేలలేదు.

మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. 1951లో ఆయన యునెస్కోకు నిధి ఇచ్చి సైన్సును జనానికి అర్థమయ్యేలా చెప్పేవారికి కళింగ బహుమతి ఏర్పాటు చేశాడు. 1957లో అది బెర్ట్రాండ్ రసెల్‌కు వచ్చింది. పారదీప్ రేవుకు నెహ్రూ చేత 1962లో శంకుస్థాపన చేయించాడు. 1963లో కామరాజ్ పథకం కింద ముఖ్యమంత్రి పదవి వదిలాడు. తరువాత కాంగ్రెసు నుంచి బయటికి వచ్చి, ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లి, 1977లో జనతా ప్రభుత్వంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యాడు. 1990 నుంచి 1995 దాకా మళ్లీ ముఖ్యమంత్రి. 1997 ఏప్రిల్ 17న ఢిల్లీలో కన్నుమూశాడు.

ఇండోనేషియా ఆయన్ని మరిచిపోలేదు. తమ దేశపు భూమిపుత్రుడని బిరుదు ఇచ్చి గౌరవించింది. స్వాతంత్ర్యం వచ్చి 50 ఏళ్లయిన సందర్భంలో, 1995లో, బింతాంగ్ జాసా ఉతామా అనే పెద్ద పురస్కారం ఇచ్చింది. అప్పటికి ఆయన వయస్సు 79.

భువనేశ్వర్ విమానాశ్రయానికి ఆయన పేరు పెట్టారు. కళింగ కంపెనీ డకోటా ఒకటి, విటి ఎయుఐ నంబరుది, కలకత్తా విమానాశ్రయంలో ఒక మూల ఎండకూ వానకూ ఏళ్ల తరబడి పడి ఉంది. చక్రాల్లో గాలి లేదు, రంగు పోయింది. 2023 జనవరిలో ఒడిసా ప్రభుత్వం దాన్ని ముక్కలుగా విప్పదీయించి, లారీల మీద కట్టించి, రోడ్డు మార్గాన భువనేశ్వర్‌కు తెప్పించింది. రెక్క కొస నుంచి రెక్క కొసకు 95 అడుగులు గనుక విప్పకుండా ఏ రోడ్డూ పట్టదు. మళ్లీ బిగించి, రంగులు వేసి, ఆ ఏడాది మార్చి 5న, బిజూబాబు పుట్టినరోజున, విమానాశ్రయం ఆవరణలో జనం చూడటానికి నిలబెట్టారు.